బోగోలు నుంచి క్లౌడ్ దాకా: దస్త్రాల దారికి కాపలా పుట్టిన చరిత్ర

నెల్లూరు జిల్లా బోగోలులో ఏ కార్యాలయంలో కంప్యూటర్ తెరిచినా, తెర మీద కనిపించే వివరాల్లో చాలావరకు ఆ భవనంలో ఉండవు. రైతు 1బి నకలు, బ్యాంకు ఖాతా నిల్వ, రైలు టికెట్టు, పింఛన్ల జాబితా అన్నీ దూరాన ఎక్కడో డేటా సెంటర్లలో ఉంటాయి. వాటిని అడిగే యంత్రం ఒకటి, తెచ్చే దారి ఒకటి, ఈ రెండే బోగోలులో ఉంటాయి. ఆ దారిలో పరాయి కన్ను పడకుండా, నడిమధ్య ఎవరూ అంకె మార్చకుండా చేసే కట్టుదిట్టాన్ని వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్, పొట్టిగా వీపీఎన్ అంటున్నారు. కార్యాలయంలోని కంప్యూటర్లను క్లౌడ్‌లోని సర్వర్లతో కలిపేందుకు నేడు ఎక్కువగా వాడుతున్నది ఇదే. దూరంలో ఉన్న రెండు చోట్ల మధ్య నమ్మకమైన కబురు నడపవలసిన అవసరం మాత్రం ఈ ప్రాంతంలో రైలు పట్టాల కాలం నుంచీ ఉంది.

మద్రాసు, బెజవాడలను కలిపే బ్రాడ్‌గేజ్ మార్గం 1899లో పూర్తయింది. బోగోలు మండలంలోని బిట్రగుంట ఆ మార్గానికి దాదాపు నడిమిన ఉంది. ఆవిరి ఇంజిన్ల కాలంలో ఇంత దూరం పోయే బండికి దారిలో నీళ్లు, బొగ్గు అందాలి, ఇంజిను, సిబ్బంది మారాలి. అందుకే అక్కడ లోకోషెడ్డు, యార్డు, రైల్వే కాలనీ పెరిగాయి. ఊళ్లోవాళ్ల తంతి కబుర్లు నడిచే తీగల మీద రైళ్ల రాకపోకల కబుర్లు నడపలేరు గనుక పట్టాల పక్కన రైల్వేకు ప్రత్యేకించిన తీగలు సాగాయి. ఒక సంస్థ తన పనికి వాడుకునే నెట్‌వర్కుకు ఈ తీరంలో పాత ఉదాహరణ అది.

ఒంటి లైను మార్గాల్లో దేశమంతటా వాడిన నీల్ టోకెన్ యంత్రాన్ని దగ్గరగా చూస్తే ఆనాటి వాళ్లు ఎంత ముందుచూపుతో ఆలోచించారో తెలుస్తుంది. పక్కపక్క స్టేషన్లలో ఒక్కో యంత్రం ఉండేది, రెండింటినీ తీగ కలిపేది. లోపల లోహపు బంతులు, వాటి మీద రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉండేవి. ఒక స్టేషను మాస్టరు గంట సంకేతం పంపి, అవతలి మాస్టరు ఒప్పుకుని తన వైపు మీట పట్టి ఉంచితేనే ఇక్కడ బంతి బయటికి వచ్చేది. దాన్ని తోలు సంచిలో పెట్టి, పట్టుకోవడానికి వీలైన వలయానికి తగిలించి డ్రైవరు చేతికి అందించేవారు. ఆ బంతి మళ్లీ ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండు వైపులా రెండో బంతి రాదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే దారి తెరుచుకోవాలి, ఒక అనుమతి ఒక్క ప్రయాణానికే చెల్లాలి. వీపీఎన్‌లో రెండు కొసలు తాళాలు కుదుర్చుకునే పద్ధతిలోనూ ఈ రెండు నియమాలే పునాది.

రెవెన్యూ దస్త్రాలకు అలాంటి తీగ ఏదీ లేదు. అడంగల్, పదో నంబరు లెక్క కరణం ఇంటి పెట్టెలో ఉండేవి. భద్రత అంటే ఆ పెట్టె తాళమే. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడ్డాయి. దస్త్రాలు ఇళ్లలోంచి కార్యాలయపు బీరువాలకు చేరాయి గానీ, నెల్లూరుకు ఏ నివేదిక పంపాలన్నా మనిషి చేతనో తపాలాలోనో పోవలసిందే. ఆ దశాబ్దం చివర నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ నిక్‌నెట్ పేరుతో ఉపగ్రహం ద్వారా జిల్లా కేంద్రాలను ఢిల్లీతో కలపడం మొదలుపెట్టింది. స్తంభాలు, తీగలు అక్కర్లేని దారికి ఎంత విలువ ఉందో ఈ తీరానికి వేరే చెప్పనక్కర్లేదు. 1989 నవంబరులో గే తుపాను బోగోలుకు ఉత్తరాన ఉన్న కావలి దగ్గరే తీరం దాటింది. అంతటి గాలికి ముందు కూలేవి స్తంభాలే, తెగేవి తీగలే. అయితే ఉపగ్రహ దారి జిల్లా కేంద్రం దగ్గరే ఆగింది. మండలానికి కాగితమే దిక్కయింది.

1990లలో తెలుగు నేల మీద రెండు పద్ధతులు పక్కపక్కన నడిచాయి. కంప్యూటర్ రికార్డు ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు అవి రెండు వేర్వేరు జవాబులిచ్చాయి. మొదటిది రైల్వేది. 1994లో సికింద్రాబాద్‌లో మొదలైన కాన్సర్ట్ రిజర్వేషన్ వ్యవస్థలో సీట్ల లెక్కంతా ఒక్కచోట ఉండేది. స్టేషన్లలోని టెర్మినళ్లు అద్దె లైన్ల మీద ఆ లెక్కను అడిగేవి. 1999 నాటికి దేశంలోని ఐదు రిజర్వేషన్ కేంద్రాలూ ఒకదానితో ఒకటి కలిశాయి. ఒకే సీటు రెండు ఊళ్లలో అమ్ముడుపోకూడదంటే లెక్క ఒక్కచోటే ఉండాలి, దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి.

రెండోది రిజిస్ట్రేషన్ శాఖది. 1998 నవంబరులో, అప్పటి ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ చొరవతో, కార్డ్ అనే పథకం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో మొదలైంది. ఇందులో ప్రతి కార్యాలయానికీ సొంత సర్వరు. దస్తావేజుల సూచికలు, భూముల విలువలు, ఈసీ వివరాలు ఆ గదిలోని యంత్రంలోనే ఉండేవి. నాలుగు కంప్యూటర్లను కలిపే తీగ గోడలు దాటేది కాదు. దారి లేదు కాబట్టి దారిలో దొంగా లేడు. అదే కారణంగా ఆ యంత్రం పాడైతే ఆ ఊరి రికార్డుకు టేపుల మీద తీసుకున్న నకళ్లే శరణ్యం. ఒక ఊరి వివరం ఇంకో ఊళ్లో దొరికేది కాదు. తర్వాతి ఇరవై ఏళ్లలో ప్రభుత్వ కార్యాలయాలు చాలావరకు కార్డ్ పద్ధతి నుంచి రైల్వే పద్ధతికి మళ్లాయి. వీపీఎన్ అవసరం పుట్టింది ఆ మళ్లింపులోంచే.

ఇలాంటి దారి అవసరాన్ని బ్యాంకులు ముందుగానే గ్రహించాయి. రిజర్వ్ బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో ఐడీఆర్‌బీటీ అనే సంస్థను నెలకొల్పింది. ఆ సంస్థ 1999 జూన్‌లో ఇన్ఫినెట్‌ను ప్రారంభించింది. ఉపగ్రహ డిష్షులు, అద్దె లైన్లతో సభ్య బ్యాంకులకు మాత్రమే తెరిచిన నెట్‌వర్క్ అది. నెల్లూరు జిల్లా పల్లెల్లో 1982 నుంచి పనిచేసిన పినాకిని గ్రామీణ బ్యాంకులో అప్పటికి ఏ శాఖ ఖాతా ఆ శాఖ లెడ్జరులోనే ఉండేది. ఆ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో, అది 2025 మేలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. ఈ రెండు విలీనాల నడుమ కోర్ బ్యాంకింగ్ వచ్చి లెడ్జరు శాఖను వదిలి కేంద్రానికి వెళ్లిపోయింది. లింకు పోతే డబ్బు ఇవ్వలేని రోజులు పల్లె ఖాతాదారులకు పరిచయమైందీ అప్పుడే.

అద్దె లైను ఖరీదైనది. ప్రతి ఊరికీ ప్రత్యేకంగా తీగ వేయడం ఎవరి తరమూ కాదు. మరోవైపు 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ తెరిచింది. అది చవక, కానీ అందరి రహదారి. ఆ రహదారి మీదే సొంత దారి నడపవచ్చా అన్న ఆలోచన అప్పటికే అమెరికాలో కార్యరూపం దాల్చింది. 1993లో జాన్ అయోనిడిస్, మాట్ బ్లేజ్ స్వైప్ అనే ప్రయోగంలో ఇంటర్నెట్ ప్యాకెట్‌ను మొత్తంగా సంకేతలిపిలోకి మార్చి మరో ప్యాకెట్‌లో పెట్టి పంపారు. అదే బాటలో 1995 ఆగస్టులో ఐపీసెక్ అనే పద్ధతికి తొలి ప్రమాణ పత్రాలు వెలువడ్డాయి, 1998లో వాటిని సరిదిద్దారు. మధ్యలో మైక్రోసాఫ్ట్ వర్గం 1996లో పీపీటీపీ అనే మరో పద్ధతిని తెచ్చింది. అది సులువుగా వ్యాపించి, తర్వాత బలహీనమని తేలింది.

ఐపీసెక్‌కు ప్రాణం 1976లో డిఫీ, హెల్మన్ చూపిన లెక్క. ముందు ఏ రహస్యమూ పంచుకోని ఇద్దరు, అందరూ వింటుండగానే కొన్ని అంకెలు మార్చుకుని, విన్నవాళ్లకు అందని ఉమ్మడి తాళంచెవిని తయారు చేసుకోవచ్చు. ఆధునిక గణితంలో ఇంత ఆశ్చర్యం కలిగించే ఫలితాలు అరుదు. అయితే అవతలివాడు ఎవరో ఆ లెక్క చెప్పదు. అందుకే దానికి తోడు రెండు కొసలకూ ముందే తెలిసిన రహస్యపదమో, డిజిటల్ సర్టిఫికెటో కావాలి.

భారతదేశంలో ఇలాంటి సంకేతలిపికి ఒక విచిత్రమైన అడ్డు వచ్చింది. 1998 తర్వాతి ఇంటర్నెట్ సేవల లైసెన్సు షరతుల ప్రకారం, అనుమతి తీసుకోకుండా వాడదగ్గ సంకేతలిపి తాళం నిడివి 40 బిట్లే ఉండేది. అంతకు మించితే అనుమతి పొందాల్సి వచ్చేది, తాళంచెవిని ప్రభుత్వం దగ్గర ఉంచాల్సి వచ్చేది. 40 బిట్ల తాళానికి సాధ్యమైన చెవులు లక్షా తొమ్మిది వేల కోట్లకు పైబడి ఉంటాయి. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ 1997 జనవరిలోనే బర్క్‌లీ పరిశోధక విద్యార్థి ఇయన్ గోల్డ్‌బర్గ్ విశ్వవిద్యాలయ కంప్యూటర్లను కూడగట్టి అలాంటి తాళాన్ని మూడున్నర గంటల్లో తీశాడు. 2001 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు ఇంటర్నెట్ బ్యాంకింగ్‌కు కనీసం 128 బిట్లు ఉండాలని చెప్పింది. ఒకే దేశంలో ఒక షరతు 40 దగ్గర ఆపితే, ఇంకో సూచన 128 కోరింది. రిజర్వ్ బ్యాంకుదే సరైన లెక్క. 40 బిట్లతో ఏ ఊరి ఖాతానూ కాపాడలేరు. అదే ఏడాది నవంబరులో అమెరికా ప్రమాణంగా వచ్చిన ఏఈఎస్ నేటికీ వీపీఎన్‌లకు ఆధారం.

ప్రభుత్వ దారి నెమ్మదిగా మండలానికి చేరింది. 1990ల చివర ఆంధ్రప్రదేశ్ హైదరాబాద్ సచివాలయాన్ని జిల్లాలతో కలిపి ఏపీస్వాన్ ఏర్పరచుకుంది. కలెక్టర్లతో ముఖ్యమంత్రి వీడియో సమావేశాలు దాని మీదే నడిచాయి. 2005 మార్చిలో కేంద్ర మంత్రివర్గం 3,334 కోట్ల రూపాయలతో స్వాన్ పథకాన్ని ఆమోదించింది. రాష్ట్ర కేంద్రం నుంచి జిల్లాకు, అక్కణ్నుంచి బ్లాకు లేదా మండలానికి కనీసం 2 ఎంబీపీఎస్ లైను దాని లక్ష్యం. 2008లో రాష్ట్ర డేటా సెంటర్ల పథకం వచ్చింది. 2011 నవంబరులో మీసేవ మొదలైంది. తర్వాత వెబ్‌ల్యాండ్ ద్వారా భూముల లెక్కలు ఒక్కచోటికి చేరాయి. 2015లో మీభూమి వెబ్‌సైటుతో రైతే తన అడంగల్ చూసుకోగలిగాడు. కరణం పెట్టె నుంచి మండల బీరువాకు, బీరువా నుంచి కేంద్ర సర్వరుకు రికార్డు ప్రయాణం ముప్పై ఏళ్లలో ముగిసింది.

ఈ దశలో చాలామంది వీపీఎన్ అన్న పేరుంటే చాలు రహస్యం ఉన్నట్టేనని పొరపాటు లెక్క వేసుకున్నారు. టెలికం సంస్థలు అమ్మే ఎంపీఎల్ఎస్ లైనుకు కూడా వీపీఎన్ అనే పేరుంది. 2001లో ప్రమాణమైన ఆ పద్ధతిలో ఒక్కో ఖాతాదారు ప్యాకెట్లకు ఒక్కో గుర్తు తగిలించి, ఒకరివి మరొకరికి చేరకుండా వేరు చేస్తారు. 2000లో ఏర్పడిన రైల్‌టెల్ పట్టాల వెంట వేసిన ఫైబరు మీద అమ్ముతున్న సేవల్లో ఇదీ ఒకటి. పాత తంతి తీగలు సాగిన పట్టాల బారునే ఇప్పుడు గాజు పోగు సాగుతోంది. అయితే ఎంపీఎల్ఎస్ వేరు చేస్తుందే గానీ దానంతట అది ఏదీ సంకేతలిపిలోకి మార్చదు. లైను వేసిన సంస్థ మీద, దాని సిబ్బంది మీద, దాని పరికరాల మీద నమ్మకమే అక్కడ కాపలా. రహస్యం అవసరమైన దస్త్రాలకు ఆ లైను మీద కూడా ఐపీసెక్ వేయాలన్నది అనుభవజ్ఞుల మాట.

చవకైన వేగం పల్లెకు వచ్చింది కరెంటు స్తంభాల మీదుగా. ఏపీ ఫైబర్‌నెట్ భూమి తవ్వకుండా విద్యుత్ స్తంభాలకే ఫైబరు కట్టింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. రాష్ట్రంలో వాటి సంఖ్య, వార్డు సచివాలయాలతో కలిపి, పదిహేను వేలకు పైనే. మండలానికి ఒక కార్యాలయం ఉన్న చోట పంచాయతీకో కంప్యూటర్ గది వెలిసింది. ఇన్ని గదులకు ప్రత్యేక లైన్లు వేయడం సాధ్యం కాని పని. మామూలు బ్రాడ్‌బ్యాండ్ మీద భద్రమైన సొరంగం, అంటే సంకేతలిపితో మూసిన దారి, వేసుకోవడం ఈ స్థాయిలో తప్పనిసరి అవసరం.

ప్రైవేటు కార్యాలయాలు ఇంకో వైపు నుంచి అక్కడికే చేరాయి. అమెజాన్ 2009 ఆగస్టులో వర్చువల్ ప్రైవేట్ క్లౌడ్‌ను తెచ్చినప్పుడు, అందులోకి ఇంటర్నెట్ ద్వారా నేరుగా వెళ్లే వీలే ఉండేది కాదు. ఖాతాదారు తన కార్యాలయం నుంచి ఐపీసెక్ సొరంగం వేసుకుంటేనే లోపలికి దారి. క్లౌడ్ అంటే అనుమానంతో చూసే సంస్థలకు అది నచ్చింది. కార్యాలయపు నెట్‌వర్కే దూరాన ఇంకొంత పెరిగినట్టు ఉండేది. మైక్రోసాఫ్ట్ 2015లో చెన్నై, పుణె, ముంబైల్లో, అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో డేటా సెంటర్ల సముదాయాలు తెరిచాయి. ప్రభుత్వం వైపు మేఘ్‌రాజ్ పేరుతో జాతీయ క్లౌడ్ 2014 ఫిబ్రవరిలో మొదలైంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడిని ప్రకటించింది. బోగోలు నుంచి చూస్తే ఒకప్పుడు సముద్రాల అవతల ఉన్న సర్వరు ఇప్పుడు రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి చేరే ఊళ్లో ఉంది.

తీరం వెంట రొయ్యల మేత అమ్మే ఒక చిన్న కార్యాలయం తన ఖాతాల సర్వరును హైదరాబాద్ క్లౌడ్‌లో పెట్టుకుందనుకుంటే, సొరంగం వేసే పనిలో మొదటి చిక్కు అడ్రసుల దగ్గరే వస్తుంది. కొన్న రూటర్లలో చాలావరకు లోపలి యంత్రాలకు 192.168.1తో మొదలయ్యే అంకెలే ఇస్తాయి. 1996లో ప్రైవేటు వాడకానికి కేటాయించిన అడ్రసులు అవి. క్లౌడ్ వైపు కూడా అవే అంకెలు ఉంటే ప్యాకెట్ ఇంట్లోనే తిరుగుతుంది, సొరంగంలోకి పోదు. కాబట్టి ముందే కార్యాలయానికి ఒక వరుస, క్లౌడ్‌కు ఇంకో వరుస కాగితం మీద రాసుకోవాలి.

తర్వాత రెండు కొసలూ 500వ నంబరు యూడీపీ పోర్టు మీద పలకరించుకుంటాయి. ఐకేఈ అనే ఈ సంభాషణలో మొదట ఎవరు ఎవరో తేల్చుకుని, ఉమ్మడి తాళం చేసుకుని, ఆ తాళం కాపలాలో అసలు దస్త్రాలకు వాడే తాళాలు కుదుర్చుకుంటాయి. అమెజాన్ సొరంగంలో మామూలుగా మొదటి తాళం ఎనిమిది గంటలకు, రెండోది గంటకు మారుతుంది. ఒక గంట తాళం ఎవరికైనా చిక్కినా, ప్రతిసారీ కొత్తగా డిఫీ-హెల్మన్ చేసుకునేలా అమర్చి ఉంటే, మిగతా గంటల దస్త్రాలు తెరుచుకోవు. చిన్న ఊళ్ల బ్రాడ్‌బ్యాండ్‌లో రూటరుకు సొంత పబ్లిక్ అడ్రసు ఉండకపోవడం సాధారణం. అప్పుడు సంభాషణ 4500 పోర్టుకు మారుతుంది, పలకరింపు ఎప్పుడూ కార్యాలయం వైపు నుంచే మొదలు కావాలి.

అన్నీ సరిగ్గా కుదిరాక కూడా మనుషుల్ని విసిగించే లోపం ఒకటుంది. లాగిన్ పేజీ చక్కగా వస్తుంది, చిన్న బిల్లు తెరుచుకుంటుంది, పెద్ద నివేదిక దగ్గర మాత్రం తెర స్తంభించిపోతుంది. ఈథర్‌నెట్‌లో పట్టే ప్యాకెట్ గరిష్ఠ నిడివి మామూలుగా 1,500 బైట్లు. దాన్ని సంకేతలిపిలోకి మార్చి కొత్త తలకట్టు పెడితే అంతకు మించిపోయి దారిలో పట్టదు. దారిలోని ఏదో పరికరం దాన్ని చప్పుడు లేకుండా పారేస్తుంది. రూటరులో టీసీపీ ముక్క పరిమాణాన్ని 1,350 చుట్టుపక్కలకు తగ్గిస్తే నివేదిక కదులుతుంది. సంకేతలిపిని అనుమానించి రోజులు పోగొట్టుకునే ముందు చూడవలసిన అంకె అదే.

సొరంగాన్ని బద్దలు కొట్టి దొంగలు లోపలికి రావడం చాలా అరుదు. వాళ్లు కొసల దగ్గర నుంచే వస్తారు. 2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ సంస్థను దెబ్బతీసిన దొంగలు లోపలికి వచ్చింది వాడకంలో లేని ఒక వీపీఎన్ ఖాతా రహస్యపదంతో. ఆ ఖాతాకు రెండో గుర్తింపు అడిగే ఏర్పాటు లేదు. ఆ దేశ తూర్పు తీరానికి ఆ సంస్థ ఇంధన సరఫరా రోజుల తరబడి ఆగింది. ఉద్యోగి మారినా మారని రహస్యపదం, నవీకరించని రూటరు, కార్యాలయం మొత్తానికీ క్లౌడ్ మొత్తాన్నీ తెరిచిపెట్టే నియమం, ఈ మూడూ ఎంత బలమైన ఏఈఎస్‌నైనా వృథా చేస్తాయి. బిల్లులు రాసే యంత్రానికి బిల్లుల సర్వరు దాకా మాత్రమే దారి ఇవ్వడం మంచిది. 2022 ఏప్రిల్‌లో దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ సైబర్ ఘటనలను ఆరు గంటల్లో తెలపాలని, చిట్టాలను 180 రోజులు ఉంచాలని ఆదేశించింది. ప్రజలకు వీపీఎన్ అమ్మే సంస్థలు ఖాతాదారుల వివరాలు ఐదేళ్లు దాచాలన్న షరతు నుంచి సంస్థల సొంత వీపీఎన్‌లను మినహాయించింది.

ఐపీసెక్‌కు పోటీగా 2001లో ఓపెన్‌వీపీఎన్, 2020లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన వైర్‌గార్డ్ వచ్చాయి. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగికి అవి సులువు. 2020 లాక్‌డౌన్‌లో ఊళ్లకు చేరినవాళ్ల ల్యాప్‌టాప్‌లు ఇలాంటి సొరంగాల మీదే పనిచేశాయి. పెద్ద క్లౌడ్ సంస్థలు కార్యాలయాన్ని కలపడానికి మాత్రం ఇప్పటికీ ఎక్కువగా ఐపీసెక్‌నే ఇస్తున్నాయి. క్వాంటం కంప్యూటర్లు డిఫీ-హెల్మన్ లెక్కను ఛేదించగలవన్న ఆందోళనతో 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ కొత్త తాళాల పద్ధతిని ప్రకటించింది. పాత పద్ధతికి తోడుగా దాన్ని ఐకేఈలో చేర్చుకునే వీలు 2023 ప్రమాణంలోనే ఉంది. భూమి హక్కుల వంటి దశాబ్దాల రికార్డులు నడిచే దారులకు ఈ మార్పు ముందు రావాలి. నేడు పట్టి దాచుకున్న ప్యాకెట్‌ను రేపు తెరిచే ప్రమాదం వాటికే ఎక్కువ.

తుపాను తీరంలో భద్రతకు ఇంకో సగం దారి తెగకుండా చూసుకోవడం. స్తంభాల మీది ఫైబరు స్తంభంతోపాటే కూలుతుంది. అమెజాన్ క్లౌడ్ ఒక్కో కనెక్షన్‌కు రెండు సొరంగాలు ఇస్తుంది. రెండింటినీ ఒకే ఫైబరు మీద నడిపితే ఫలితం ఉండదు. ఒక కనెక్షన్‌ను ఫైబరు మీద, రెండోదాన్ని మొబైల్ నెట్‌వర్కు మీద ఉంచి, అవతలి కొస పలకడం మానిందో లేదో క్షణక్షణం అడిగే డెడ్ పీర్ డిటెక్షన్‌ను, దారులను దానంతటదే మార్చే బీజీపీని అమర్చుకుంటే, ఫైబరు తెగిన నిమిషంలోపే బోగోలు కార్యాలయం రెండో దారిన హైదరాబాద్ సర్వరును అందుకుంటుంది.